బెర్లిన్ యాత్రకు ముందు

యాత్ర చేసివచ్చిన వారు యాత్రాకథనం వ్రాయడం లోకంలో ఉన్న ఆచారమే. ఇంకా బయలుదేరని వారు వ్రాయడం మాత్రం కొంత విడ్డూరంగా తోచవచ్చు. ఈ వ్యాసం వ్రాస్తున్న నాటికి మా పెట్టెలు అటక మీదనే ఉన్నాయి. వీసా చేతికి రాలేదు. అయినా గత నాలుగు మాసాలుగా ప్రతి రాత్రీ భోజనానంతరం మేము బెర్లిన్ నగరంలోనే తిరుగుతున్నాము. చాప మీద పటం పరచుకుని తిరిగే ఆ తిరుగుడులో మాకు తెలిసివచ్చిన సంగతులు కొన్ని ఉన్నాయి. అవి విద్యార్థులతో పంచుకోదగినవేనని తోచి ఈ సాహసానికి పూనుకున్నాము.

మేము అనగా ఇద్దరము. ఒకరిది తెలుగు శాఖ, మరొకరిది గణిత శాఖ. ఇంట్లో మూడవవారు అబ్బాజాన్. ముప్ఫై రెండేళ్లు ఉర్దూ మాధ్యమ పాఠశాలలో ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. నీటికాసుల వ్యాధి వల్ల ఆరేళ్లుగా ఆయనకు చూపు లేదు. వార్తాపత్రిక చదివి వినిపించడం ఉదయం ఒకరి వంతు, సాయంకాలం ఒకరి వంతు. చదివే వారు ఒక్క మాట మింగినా ఆయన పట్టుకుంటారు.

ఈ ప్రయాణానికి కారణం మా తమ్ముడు. బెర్లిన్‌లో ఇంజనీరింగు పైచదువు ముగించి, వేసవి చివరలో ఉద్యోగం నిమిత్తం వేరొక ఊరికి మారుతున్నాడు. "భాయ్, గది నా చేతిలో ఉన్నప్పుడే రండి. భాభీకి మంచం, మీకు చాప, నాకు వంటగది," అని ఫోనులో అన్నాడు. విదేశంలో బస ఖర్చు తప్పితే సగం ప్రయాణం తప్పినట్లే. ఇంటి పైకప్పు మరమ్మతుకని దాచిన సొమ్ము కొంత ఉంది. వానకాలానికి ముందు చేయించవలసిన పనిని ఒక ఏడు వాయిదా వేయాలా అన్నది మొదటి ప్రశ్న. అబ్బాజాన్ గది మాత్రం కురవదని మేస్త్రీ చేత రూఢి చేయించుకున్న తరువాతనే టిక్కెట్ల మాట ఎత్తాము. జవాబుపత్రాల మూల్యాంకనం ముగియాలి, తిరిగివచ్చి ప్రవేశాల పని చూడాలి, చేతిలోని సొమ్ము సరిపోవాలి. ఇవన్నీ లెక్కవేయగా రాకపోకలు పోను బెర్లిన్‌లో మిగిలినవి నాలుగు రోజులు.

ఈ వార్త అధ్యాపకుల గదిలో తెలిసిన నాటి నుండి సలహాలకు కొదవ లేదు. ఉర్దూ శాఖలోని మిత్రులకు బెర్లిన్ అసలు నచ్చలేదు. జర్మనీకి పోతే హైడెల్‌బర్గ్‌కు పోవాలన్నారు. 1907లో ఇక్బాల్ అక్కడ జర్మను భాష నేర్చుకున్నాడు, నెకార్ నది ఒడ్డున ఒక దారికి ఆయన పేరు పెట్టారు, అది చూడకపోతే చూసినదేమిటి అన్నారు. వాదన బలమైనదే. కాని తమ్ముడి గది హైడెల్‌బర్గ్‌లో లేదు. ఆంగ్ల శాఖ మిత్రులు పారిస్ అన్నారు. వారికి జవాబు చెప్పలేదు.

విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజులలో మేము కాశీయాత్ర చరిత్రను పాఠ్యగ్రంథంగా చదివాము. 1830లో మద్రాసు నుండి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య హైదరాబాదు మీదుగా కాశీకి పోతూ, ప్రతి మజిలీలోను దారి ఎట్లా ఉన్నది, నీరు ఎక్కడ దొరుకుతుంది, అంగళ్లు ఉన్నవా లేవా అని వ్రాసుకున్నాడు. పరీక్షకు చదివిన ఆ రోజులలో అవి మాకు నీరసమైన వివరాలుగా తోచేవి. ఇప్పుడు మా పని కూడా సరిగ్గా అదే అయింది. మజిలీ అనే మాట కూడా మన తెలుగులోకి మంజిల్ నుండి వచ్చినదే. ఆ మాట మా ఇంట్లో రెండు రూపాలలోను వినిపిస్తుంది.

మొదటి వారంలో మేము తయారుచేసిన పట్టికలో ఇరవై మూడు స్థలాలు ఉన్నాయి. ఒక్కొక్క స్థలానికి ఇంత సమయమని గణిత శాఖ లెక్కకట్టగా తొమ్మిది రోజులు తేలింది. ఉన్నవి నాలుగు. యాత్రాపథకం అంటే కూడిక అనుకుంటారు గాని, యథార్థానికి అది తీసివేత. ఏది చూడాలి అన్నది సులభమైన ప్రశ్న. ఏది చూడకుండా రావాలి అన్నదే కష్టం. రెండు రాత్రులు మా మధ్య మాటలు కరవైన మాట కూడా దాచనవసరం లేదు.

పట్టికను చూసి తమ్ముడు ఫోనులో పెద్దగా నవ్వాడు. ఆదివారం బజారు, సోమవారం మ్యూజియం అని మేము వ్రాశాము. జర్మనీలో ఆదివారం నాడు దుకాణాలు చట్టప్రకారం మూసి ఉంటాయి. ఏవో రైల్వే స్టేషన్లలోని అంగళ్లు తప్ప మరేమీ దొరకవు. మ్యూజియంలలో అనేకం సోమవారం మూసివేస్తారు. రెండు రోజులూ మూసిన తలుపుల ముందు నిలబడే ఏర్పాటు మేము ఎంతో శ్రద్ధగా చేసుకున్నామన్నమాట. వీరాస్వామయ్య ఊరికే అంగళ్ల సంగతి వ్రాయలేదు!

కాగితాల పని వేరు. వీసా దరఖాస్తుకు పెద్దలకు తొంభై యూరోలు రుసుము. కనీసం ముప్ఫై వేల యూరోల వైద్యఖర్చుకు సరిపడే ప్రయాణ బీమా ఉండాలి. బ్యాంకు లెక్కలు, కళాశాల వారి సెలవు అనుమతి, తమ్ముడి ఆహ్వానపత్రం అన్నీ జతపరచాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుండి దరఖాస్తు చేసుకోవచ్చు. పదిహేను రోజుల లోపల చేస్తే తీసుకోరు. జర్మను పార్లమెంటు భవనమైన రైష్టాగ్ మీద 1999లో కట్టిన గాజు గుమ్మటం ఎక్కడానికి రుసుము లేదు గాని, పేరు, పుట్టినతేదీ ముందుగా నమోదు చేసుకుని పాస్‌పోర్టు వెంట తీసుకుపోవాలి. నగర రైళ్లలో లోపలికి పోయే చోట అడ్డుగేట్లు ఉండవు. టిక్కెట్టు కొని, దానిపై సమయముద్ర మనమే వేయించుకోవాలి. ముద్ర లేని టిక్కెట్టు ఉన్నా లేనట్లే. నూరవ నంబరు బస్సు జంతుప్రదర్శనశాల స్టేషను నుండి అలెగ్జాండర్ చౌకు దాకా ప్రధాన స్థలాల మీదుగా పోతుంది కనుక, ప్రత్యేక యాత్రాబస్సుకు ఖర్చు పెట్టనవసరం లేదు. మే చివరలో అక్కడ రాత్రి తొమ్మిది దాటినా వెలుగు ఉంటుంది. ఈ చివరి విషయం తెలిసిన రోజున గణిత శాఖ మా నాలుగు రోజులను అయిదుగా లెక్కవేసింది.

అసలు దెబ్బ తరువాత తగిలింది. పెర్గమాన్ మ్యూజియం మా పట్టికలో మొదటి స్థలం. ఇస్లామీయ కళా సంగ్రహాలయం అందులోనే ఉండేది. జోర్డాను ఎడారిలోని ఉమయ్యద్ కాలపు ముషత్తా కోట ముఖద్వారపు శిలాకుడ్యం అక్కడి ప్రసిద్ధ ప్రదర్శన. దానిని ఉస్మానీ సుల్తాను రెండవ అబ్దుల్ హమీద్ 1903లో జర్మను చక్రవర్తికి బహూకరించాడు. రాతిలో చెక్కిన త్రికోణాలు, వాటి నడుమ పువ్వులు, ద్రాక్షతీగలు. గణితం చెప్పే వారికి ఆ కుడ్యం ఎంతటి ఆకర్షణో చెప్పనక్కరలేదు. తరగతిలో సౌష్ఠవం గురించి పాఠం చెప్పేటప్పుడు దాని ఫోటోను నల్లబల్లకు అతికించి చూపడం మా ఇంట్లో పాత కథ. ఆ మ్యూజియాన్ని పునర్నిర్మాణం నిమిత్తం 2023 అక్టోబరులో పూర్తిగా మూసివేశారు. 2027లో కొంత భాగం తెరుస్తామని, మొత్తం పూర్తికావడానికి ఇంకా ఎన్నో ఏండ్లు పడుతుందని ప్రకటించారు. ఈ సంగతి టిక్కెట్లు కొన్న తరువాత తెలిసింది.

ఆ రాత్రి చాప మీద పటం పరచలేదు. జీవితంలో ఒక్కసారి చేసే ప్రయాణం, అందులో ప్రథమ ఆకర్షణే లేదు, పైకప్పు సొమ్ము పోయింది అని ఎంతసేపో వాపోయాము. మంచం మీద పడుకుని అంతా వింటున్న అబ్బాజాన్ కొంతసేపటికి నవ్వారు. ఆయన ఉర్దూలో అన్న మాటను తెలుగులో చెబితే ఇది: "నాకైతే అన్ని మ్యూజియంలూ మూసే ఉన్నాయి బేటా. నేను ఏడుస్తున్నానా?"

ఆ మాటకు మా వద్ద జవాబు లేకపోయింది. నాలుగు మాసాలుగా ఆయన ఎదుటనే "అది చూడాలి, ఇది చూడాలి" అని వాదించుకుంటూ వచ్చాము. ఆ క్రియాపదం ఆయన చెవిలో ఎట్లా పడుతున్నదో మాలో ఒక్కరికీ తట్టలేదు. భాష బోధించే వారికి కూడా తట్టలేదు.

మరునాడు పత్రిక చదవడం అయిన తరువాత, "మీరేమి చూసి రమ్మంటారు?" అని అడిగాము. ఆయన కోరిక ముందే సిద్ధంగా ఉంది. ఎవరూ అడగలేదు కనుక చెప్పలేదు. 1925లో బెర్లిన్ నగరంలోని కావియానీ ముద్రణాలయంలో గాలిబ్ దీవాను అచ్చయింది. జేబులో ఇమిడే చిన్న పుస్తకం. దానిని అచ్చువేయించిన వారు అప్పుడు అక్కడ విద్యార్థిగా ఉన్న జాకిర్ హుసేన్. ఆయనే స్వయంగా అక్షరాలు కూర్చారని కూడా చెబుతారు. అబ్బాజాన్ ఆ పుస్తకాన్ని చిన్నతనంలో తమ గురువుగారి చేతిలో చూశారట. తాకనివ్వలేదట. "ఆ పిల్లవాడు చదువుకున్న విశ్వవిద్యాలయం మెట్ల మీద ఒక నిమిషం నిలబడి రండి. అంతే," అన్నారు. భారత రాష్ట్రపతి పదవిలో ఉండగా 1969లో మరణించిన మహనీయుణ్ణి పిల్లవాడు అనడం ఒక వృద్ధ ఉపాధ్యాయునికే చెల్లుతుంది.

జాకిర్ హుసేన్ 1897లో హైదరాబాదులో జన్మించారు. 1926లో బెర్లిన్ విశ్వవిద్యాలయం నుండి అర్థశాస్త్రంలో డాక్టరేటు పొందారు. నిధులు లేక జామియా మిల్లియా మూతపడబోతున్నదని తెలిసి, మిత్రులైన ఆబిద్ హుసేన్, ముజీబ్‌లతో కలిసి అదే సంవత్సరం తిరిగివచ్చి, స్వల్ప వేతనానికి ఆ సంస్థను నిలబెట్టారు. ఆ విశ్వవిద్యాలయానికి 1949 నుండి హంబోల్ట్ పేరు ఉన్నది. అది ఉన్న వీథి పేరుకు 'లిండెన్ చెట్ల క్రింద' అని అర్థం. ఒక ఆంగ్ల పుస్తకంలో చూసి మేము దానిని నిమ్మచెట్లని అబ్బాజాన్‌కు చెప్పాము. అంత చలిదేశంలో నిమ్మచెట్లా అని ఆయన సందేహించారు. విచారించగా అది నిమ్మ కాదు, నిమ్మజాతీ కాదు, ఇంగ్లీషులో రెంటికీ ఒకే పేరు ఉండడం వల్ల వచ్చిన పొరపాటని తేలింది. చూపులేని వారు మా చూపును సరిదిద్దడం అది మొదటిసారి కాదు.

ఆ విశ్వవిద్యాలయానికి ఎదురుగా ఉన్న చౌకులోనే 1933 మే 10న నాజీ విద్యార్థులు సుమారు ఇరవై వేల పుస్తకాలను తగులబెట్టారు. ఇప్పుడు అక్కడ నేలలో ఒక గాజుపలక ఉంది. దాని క్రింద తెల్లని ఖాళీ అరలు. ఇరవై వేల పుస్తకాలు పట్టే అరలు, ఒక్క పుస్తకమూ లేదు. శిల్పి మీఖా ఉల్‌మన్ 1995లో నిర్మించిన స్మారకం అది. ఒక విద్యార్థి తన చేతిఖర్చులో మిగిల్చి గాలిబ్‌ను అచ్చువేయించిన నగరంలోనే, ఎనిమిదేళ్లకు విద్యార్థులే పుస్తకాలను కాల్చారు. ఈ రెండు సంగతులను ఒకే మజిలీలో చేర్చుకున్నాము. అందుకు ప్రవేశ రుసుము లేదు, సోమవారం సెలవూ లేదు.

అబ్బాజాన్ కోరిక విన్న తరువాత చరిత్ర శాఖలోని మిత్రులు మరి రెండు పేర్లు కలిపారు. సరోజినీ నాయుడి తమ్ముడు వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ హైదరాబాదులోనే పుట్టి, 1914 నుండి బెర్లిన్‌లో ఉండి స్వాతంత్ర్యం కోసం పనిచేశాడు. చివరకు 1937లో మాస్కోలో మరణదండనకు గురయ్యాడు. హైదరాబాదువాడే అయిన ఆబిద్ హసన్ జర్మనీలో ఇంజనీరింగు చదువు వదిలి సుభాష్ చంద్రబోసు వెంట నడిచాడు. 1943లో బోసుతో పాటు జలాంతర్గామిలో ప్రయాణం చేసినవాడు ఆయనే. 'జైహింద్' అనే నినాదాన్ని రూపొందించిన వాడుగా ఆయనకు పేరు. ఒకరు ప్రవాసంలో బలయ్యారు, ఒకరు పాఠశాల కోసం తిరిగివచ్చారు, ఒకరు యుద్ధం గుండా ఇల్లు చేరారు. మన ఊరి నుండి ఆ ఊరికి దారి మా తమ్ముడితో మొదలు కాలేదని అప్పుడు అర్థమైంది.

ఆ మిత్రులే మరొక మాట చెప్పారు. దానితో మా పథకం తలక్రిందులయింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆంగ్లేయుల పక్షాన పోరాడి పట్టుబడిన భారత సైనికులను జర్మనులు బెర్లిన్‌కు దక్షిణాన ఉన్న వూన్స్‌డార్ఫ్ అనే చోట, అర్ధచంద్ర శిబిరమనే బందీఖానాలో ఉంచారు. బందీలను తమవైపు త్రిప్పుకొనే ఉద్దేశంతో 1915లో అక్కడ ఒక చెక్క మసీదు కూడా కట్టించారు. జర్మనీలో అదే మొదటి మసీదు. ఇప్పుడది లేదు. బందీ శిబిరాలలోని మనుషుల చేత మాట్లాడించి, పాడించి, సుమారు 250 భాషలను, మాండలికాలను పండితులు గ్రామఫోను పలకల మీదికి ఎక్కించారు. ఆ పలకలు నేటికీ హంబోల్ట్ విశ్వవిద్యాలయపు ధ్వనిభాండారంలో భద్రంగా ఉన్నాయి. 1916 డిసెంబరులో మాల్ సింగ్ అనే పంజాబీ సైనికుడు ఒక్క నిమిషం పాటు మాట్లాడాడు. తనను గురించే మాట్లాడుతూ, ఒక మనిషి ఉండేవాడని మొదలుపెట్టాడు. ఆ మనిషి హిందుస్తానంలో వెన్న తిన్నాడు, పాలు త్రాగాడు, యూరోపు యుద్ధానికి వచ్చి పట్టుబడ్డాడు, ఇంటికి పోవాలని ఉంది అన్నాడు. 'నేను' అనలేదు. తన కథనే పరాయివాని కథగా చెప్పుకున్నాడు.

ఇది చదివి వినిపించినప్పుడు అబ్బాజాన్ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ గొంతు ఇంకా ఉన్నదా?" అని అడిగారు. ఉన్నదన్నాము. "అయితే ఆ ఊరిలో నాకు కూడా ఏదో ఉన్నదన్నమాట," అన్నారు.

ఆ రాత్రి పటం మళ్లీ పరచాము. పట్టికలో అప్పటి దాకా మూడు గడులు ఉండేవి: స్థలం, సమయం, ఖర్చు. నాలుగవ గడి గీసి, దానికి 'వినవలసినది' అని పేరు పెట్టాము. ఆ గడి నిండని స్థలాలను ముందుగా కొట్టివేశాము. తీసివేత అంత సులభంగా మునుపెన్నడూ జరగలేదు.

ఇప్పుడు మా నాలుగు రోజులు ఇవి. ఆదివారం బెర్నవర్ వీథిలోని గోడ స్మారకం. 1961 ఆగస్టు 13న మొదలైన ఆ గోడ 1989 నవంబరు 9న తెరుచుకునే దాకా ఇరవై ఎనిమిదేళ్లు ఒకే ఊరి మనుషులను విడదీసింది. దాని దగ్గర కనీసం 140 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ సాయంకాలం టర్కీ కార్మికుల కుటుంబాలు స్థిరపడిన క్రాయిట్స్‌బర్గ్‌లో భోజనం. ఆ కార్మికులను రప్పించే ఒప్పందం కుదిరినదీ 1961లోనే. అక్కడి వీథిసందడి పట్టుకోవాలి. సోమవారం బ్రాండెన్‌బర్గ్ ద్వారం నుండి లిండెన్ చెట్ల క్రింద నడిచి, విశ్వవిద్యాలయపు మెట్లు, ఎదుటి ఖాళీ అరలు. మెట్ల మీద ఒక నిమిషం నిలబడి, ఆ నిమిషమంతా ఫోనులో ధ్వనిముద్రణ చేయాలి. మంగళవారం నాడు నయ్యెస్ మ్యూజియంలో నెఫర్తీతి ప్రతిమ. ఇది పూర్తిగా గణిత శాఖకు కేటాయించిన మజిలీ. ముషత్తా పోయిన దుఃఖానికి పరిహారం. అది నాలుగవ గడి ఖాళీగా ఉన్నా నిలిచిన ఒకే ఒక్క స్థలం. అబ్బాజానే పట్టుబట్టి దానిని నిలిపారు. కోడలి కళ్లను కూడా మూయవద్దన్నారు.

బుధవారం వూన్స్‌డార్ఫ్. బెర్లిన్ నుండి రైలులో సుమారు ఒక గంట. అక్కడి నుండి అడవిదారిన కొంతదూరం పోతే, జేరెన్స్‌డార్ఫ్ భారతీయ శ్మశానవాటిక. బందీలుగా ఉండి వ్యాధులతో మరణించిన రెండు వందలకు పైగా భారతీయ సైనికులు అక్కడ ఉన్నారు. ముస్లిములు, సిక్కులు, హిందువులు ఒకే ప్రహరీ లోపల ఉన్నారు. యాత్రాపుస్తకాలలో ఇది సాధారణంగా కనిపించదు. ఒక రోజంతా దానికే పోతుంది. నాలుగింటిలో ఒక రోజు అనగా నాలుగవ వంతు యాత్ర. మా లెక్కలో అది ఎక్కువ అనిపించలేదు. అక్కడ మాట్లాడకుండా కొంతసేపు నిలబడి, చెట్ల గాలిని పట్టుకుని రమ్మన్నారు అబ్బాజాన్. "ఆ మనుషులు చివరకు విన్నది అదే కదా," అన్నారు.

ధ్వనిభాండారం వారికి ఒక జాబు వ్రాశాము. ఉర్దూలోను, హిందుస్తానీలోను ఉన్న గొంతులు వినడానికి వీలవుతుందా అని ప్రార్థించాము. దాని జవాబు కోసం, వీసా కోసం ఒకేసారి ఎదురుచూస్తున్నాము. రెండింటిలో ఏది రాకపోయినా బాధ తప్పదు. వీసా రాకపోతే టిక్కెట్ల సొమ్ములో అధికభాగం తిరిగిరాదు. పైకప్పు ఈ వానకు కురుస్తుంది. అది తెలిసే ఈ పనికి పూనుకున్నాము.

విద్యార్థులకు మా మనవి ఒక్కటే. మీరు ఏ ఊరికి పోదలచుకున్నా, పోబోయే ముందు ఇంట్లో కదలలేని వారిని ఒక్కమాట అడగండి. మేము నాలుగు మాసాలు ఆలస్యంగా అడిగాము. అడిగిన తరువాతనే మా ప్రయాణానికి ఒక దారి ఏర్పడింది.

నిన్న సాయంకాలం పత్రిక వంతు ముగిసిన తరువాత పట్టిక మొత్తం అబ్బాజాన్‌కు చదివి వినిపించాము. ఓపికగా విని, మెట్ల మీద ఒక నిమిషం చాలదు, రెండు నిమిషాలు చేయమన్నారు. గణిత శాఖ వెంటనే పెన్సిలుతో దిద్దింది.